మరమ్మతు ఎవరి మాట?

కొత్త బండి కొన్నవాడికి షోరూం ఉంటుంది. పాత బండిని ప్రేమించినవాడికి మేస్త్రీ ఒక్కడే దిక్కు.

మా ఇంట్లో ఉన్నది స్టాండర్డ్ హెరాల్డ్. 1961 నుంచి మద్రాసులో తయారైన కారు. ఇటలీవాడు మికెలొట్టి గీసిన రూపం. ఇంగ్లండులో ఈ హెరాల్డ్ ఛాసిస్‌నే కురచ చేసి 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు తెచ్చారు. ఆ చుట్టరికంతో మాదీ స్పోర్ట్స్ కారే అంటాం. నవ్వేవాళ్ళు నవ్వుతారు.

దీన్ని చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. పేరున్న ఒక పెద్ద షెడ్డుకిస్తే మంచి కార్బొరేటరు ఊడదీసుకుని అరిగిపోయినది బిగించి పంపారు. అప్పట్నుంచి మాది ఒకటే పరీక్ష. తీసిన పాత సామాను మన చేతికిస్తాడా, లేదా? ఇచ్చినవాడి పేరు మేము తర్వాత అడుగుతాం. అలా తిరుపతిలో మాకు దొరికినవాళ్ళు ఇద్దరు. టింకరింగు సాయిబు, లేతు ఆచారి.

భాకరాపేట కనుమ దిగేటప్పుడు డ్రమ్ము బ్రేకులు వేడెక్కి పట్టు వదులుతాయి. 2022 మార్చిలో పెళ్ళివారి బస్సు అక్కడ లోయలో పడ్డాక ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు పెట్టించాం. హబ్బులు ఆచారి చెక్కాడు. దళసరి ఉక్కురేకు కోసి బ్రాకెట్లు సాయిబు చేశాడు. డ్రమ్ములకున్న మాస్టర్ సిలిండరు వద్దు, డిస్కుల్ని వదలకుండా పట్టేస్తుందని చెప్పి ఆపింది కూడా అతనే.

కొండకెళ్ళే ట్యాక్సీలూ ఆ షెడ్డుకే వస్తాయి. ఎక్కడానికి 1974 నాటి రెండో ఘాటు, దిగడానికి 1944 నాటి మొదటి ఘాటు. నిమ్మకాయలు కట్టుకుని, గుమ్మడికాయ కొట్టి బయలుదేరతారు. మలుపు మలుపునా భక్తుడి ప్రాణం సాయిబు బిగించిన నట్టు మీద ఉంటుంది. ఆ నట్టుది ఏ మతమని ఎవరూ అడగరు. అదే సాయిబు అద్దె ఇంటికోసం గడప తొక్కితే మొదటి ప్రశ్న పేరే. నమ్మకం బానెట్టు కిందే ఎందుకు ఆగిపోతుంది?

అలిపిరి పేరుకు ఒక కథ చెబుతారు. ‘అలీ’ అనే దండయాత్రికుడు వెనుదిరిగిన చోటట. తమిళంలో మొదటి మెట్టును అడిప్పడి అంటారు, ఆ మాటే అలిపిరి అయిందనేది ఇంకో కథ. మొదటి మెట్టు కథ ఎందరికి గుర్తుంది? తరిమిన కథే రుచి.

కానీ భాష వేరే కథ చెబుతోంది. మరమ్మతు, కార్ఖానా, హామీ - అన్నీ ఉర్దూ గుండా వచ్చి తెలుగైపోయిన మాటలు. ఉస్తాద్ తెలుగులో వస్తాదయ్యాడు. అలిపిరిలో బండ్లు ఆపి చేసే ‘తనిఖీ’ కూడా మా ఇంటి మాటే. ఈ మాటల్ని ఏ గేటు దగ్గరా ఎవరూ ఆపలేదు. మనుషుల్నే ఆపుతున్నారు.

మాకు జాలి అక్కర్లేదు. షెడ్డులో మేము పెట్టే పరీక్షే ఊరు మాకూ పెట్టాలి. తీసింది తిరిగిచ్చామా? బిగించింది నిలబడిందా? పేరు ఆ తర్వాత అడగండి, చెబుతాం.