పురిటిగది లేని చరిత్ర

మన చలనచిత్రాలలో సాధారణంగా కథ ముందు పుడుతుంది, పాట తరువాత పుడుతుంది. దర్శకుడు సన్నివేశాన్ని వివరిస్తే సంగీత దర్శకుడు బాణీ కడతాడు, కవి మాటలు కూరుస్తాడు. పాశ్చాత్య పాప్ సంగీతంలో ఈ వరుస తిరగబడిన సందర్భాలు ఉన్నాయి. అక్కడ పాట ముందు వచ్చి, దానికి తోడుగా చిత్రం వస్తుంది. 1983లో మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' పాటకు జాన్ లాండిస్ సుమారు 14 నిమిషాల భయానక చిత్రం తీశాడు. పాటకు దయ్యాల కథ జతకావడం ఆ తరువాత ప్రేక్షకులకు కొత్త కాలేదు. ఆ కోవలో 2021లో అమెరికన్ గాయని హాల్సీ రూపొందించిన చిత్రం ఒకటి చరిత్ర విద్యార్థినైన నన్ను చాలాకాలం వెన్నాడింది.

'ఇఫ్ ఐ కాంట్ హావ్ లవ్, ఐ వాంట్ పవర్' అనేది ఆ ఆల్బమ్ పేరు. ప్రేమ దక్కకపోతే అధికారమే కావాలని దాని తాత్పర్యం. 13 పాటలున్న ఈ ఆల్బమ్ 2021 ఆగస్టు 27న విడుదలైంది. సినిమా సంగీతంలోనూ పేరుపొందిన ట్రెంట్ రెజ్నర్, ఆటికస్ రాస్ దీనికి నిర్మాతలు. అదే పేరుతో హాల్సీ స్వయంగా రాసి, కోలిన్ టిల్లీ దర్శకత్వం వహించిన చిత్రం రెండు రోజుల ముందే కొన్ని ఐమాక్స్ థియేటర్లలో ప్రదర్శితమైంది. దాని నిడివి గంటకు కొంచెం తక్కువ. పాటలు రూపుదిద్దుకునే నెలల్లో హాల్సీ గర్భవతి. జూలై 14న ఆమెకు బిడ్డ పుట్టింది. అంతకుముందు తనకు గర్భస్రావం జరిగిన సంగతిని ఆమె బహిరంగంగానే చెప్పుకొన్నారు. గర్భధారణలోని ఆనందమూ భయమూ రెండూ తన పాటలకు వస్తువని కూడా ప్రకటించారు.

చిత్రంలో కాలం గతం, స్థలం ఒక కోట, నాయిక లీలా అనే గర్భవతి అయిన రాణి. ఆమెలో అతీత శక్తులు మేల్కొంటాయి. కోటలు, మంత్రాలు మన జానపద చిత్రాల ప్రేక్షకులకు కొత్తవి కావు. 'పాతాళభైరవి' నుంచి విఠలాచార్య చిత్రాల వరకు వాటి మధ్యనే మనం పెరిగాం. అయితే మన జానపదంలో భయం మాంత్రికుని గుహలో ఉంటుంది, అంతఃపురం సురక్షిత స్థలం. ఇక్కడ భయం అంతఃపురంలోనే, రాణి శరీరంలోనే ఉంది. మన ఆలంకారికులు భయానకానికి భయాన్ని, బీభత్సానికి జుగుప్సను స్థాయీభావాలుగా చెప్పారు. ఈ చిత్రంలో ఆ రెంటి పక్కనే వాత్సల్యం కూడా నిలబడుతుంది. నన్ను కలవరపెట్టింది ఆ పొత్తే.

వర్తమాన కాలపు పాటలకు పాతకాలపు వేషం ఎందుకు? దీనికి సమాధానం ఆల్బమ్ ముఖచిత్రంలో కొంత దొరుకుతుంది. సింహాసనం మీద కిరీటం ధరించిన తల్లి, ఒడిలో బిడ్డ, అనాచ్ఛాదితమైన ఒక స్తనం. 2021 జూలైలో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో దీనిని ఆవిష్కరించారు. సుమారు 1452 ప్రాంతంలో జీన్ ఫూకే చిత్రించిన కన్య మరియ చిత్రంతో దీని పోలిక స్పష్టం. ఆ మూలచిత్రం ఇప్పుడు ఆంట్వెర్ప్‌లో ఉంది. అందులోని మరియకు ఫ్రాన్స్ రాజు ఏడవ చార్లెస్ ప్రియురాలు ఆన్యెస్ సోరెల్ నమూనా అని పరంపరగా చెబుతారు. ఆ సోరెల్ 1450లో ప్రసవానంతరం కొద్దికాలానికే మరణించింది. ఆమె అవశేషాలలో పాదరసం అత్యధికంగా ఉన్నదని 2005లో ఫ్రెంచి పరిశోధకులు వెల్లడించారు. అది వైద్యం వల్లనో విషప్రయోగం వల్లనో నేటికీ తేలలేదు. మాతృత్వానికి ప్రతీకగా ప్రపంచం చూస్తున్న ఆ ముఖం పురిటి తరువాత లేచి తిరగని స్త్రీదన్నమాట. ఈ సంగతి తెలిసి చూస్తే ఫూకే చిత్రంలోని ఆ తెల్లని నిశ్చలత్వం భయపెడుతుంది.

మన ఉపఖండానికి వస్తే ముంతాజ్ మహల్ ఉదంతం ప్రతి పాఠశాల విద్యార్థికీ తెలుసు. ఆమె 1631 జూన్‌లో బుర్హాన్‌పూర్‌లో 14వ కాన్పులో కన్నుమూసింది. అది ప్రసవ మరణమని దర్బారు చరిత్రకారులు దాచలేదు. కాని వారు విస్తరించి రాసినది చక్రవర్తి శోకాన్ని. తాజ్‌మహల్ చూడవచ్చేవారికి పాలరాయి కనిపిస్తుంది, ప్రేమ కనిపిస్తుంది, ప్రసవం మాత్రం కనిపించదు. విశ్వవిద్యాలయంలో మేము వారసత్వ యుద్ధాలను తేదీలతో సహా వల్లించాం. ఆ వారసులను కన్న గదుల గురించి ఒక్క ప్రశ్న కూడా ప్రశ్నపత్రంలో వచ్చిన గుర్తు లేదు.

రాజవంశాల సంగతి అలా ఉంచితే, మా ఇంటి వంశవృక్షంలో ముత్తాతగారి పేరు పక్కన 'ప్రథమ కళత్రం', 'ద్వితీయ కళత్రం' అని ఉన్నాయి. రెండవ ఆమెకు పేరుంది, మొదటి ఆమెకు లేదు. ఆ మొదటి ఆమె తొలికాన్పులో పోయిందని మా నాయనమ్మ చెప్పగా తెలిసింది. కాన్పు ఆడదానికి పునర్జన్మ అనే మాటను నాయనమ్మ తరచు అనేది. చిన్నతనంలో దానిని ఒక ఊతపదం అనుకొనేవాణ్ణి. పేరు అడగాలని తోచే వయస్సు నాకు వచ్చేసరికి నాయనమ్మ లేదు. ఇప్పుడు ఆ పేరు చెప్పగలవారు ఎవరూ మిగలలేదు.

ఉద్యోగరీత్యా జిల్లాలలో పనిచేసినప్పుడు మాతృ మరణాల సమీక్షా సమావేశాలలో కూర్చున్నాను. ఆసుపత్రికి వెళ్లాలని నిర్ణయించడంలో జాప్యం, చేరడంలో జాప్యం, చేరిన తరువాత చికిత్స అందడంలో జాప్యం అని మూడు మెట్లుగా అక్కడ విచారణ సాగుతుంది. దేశంలో లక్ష సజీవ జననాలకు 2004–06లో 254గా ఉన్న మాతృ మరణాలు 2018–20 నాటికి 97కు తగ్గాయి. దీని వెనుక ఎందరో నర్సుల, ఆశా కార్యకర్తల శ్రమ ఉంది. అయినా మిగిలిన ప్రతి మరణం ఆ బల్లమీదికి ఒక దస్త్రంగానే వస్తుంది. రక్తస్రావం, రక్తపోటు, అంబులెన్సు బయలుదేరిన వేళ అన్నీ అందులో ఉంటాయి. ఆ స్త్రీ ఆ రాత్రి ఎంత భయపడిందో రాయడానికి మాత్రం స్థలం ఉండదు. ఉండాలని అడగడమూ న్యాయం కాదు, దస్త్రం పని వేరు.

ఆ స్థలం కళది. హాల్సీ చిత్రంలో లోపాలు లేకపోలేదు. దుస్తుల వైభవం కొన్నిచోట్ల కథను కప్పివేస్తుంది. పాటకూ పాటకూ మధ్య అతుకు కనిపిస్తుంది. ఆల్బమ్ అమ్మకానికి ఇది ప్రచారం కూడా. కాని గర్భవతి శరీరం తనది కాక రాజ్యానిది అయిపోయే స్థితిని చూపడానికి కోట కన్న తగిన స్థలం దొరకదు. ఆధునిక ఆసుపత్రిలో ఇదే కథ చెబితే మన మనస్సు వైద్యుని కోసం ఎదురుచూస్తుంది. కోటలో ఆ ఊరట లేదు. అందుకే ప్రేక్షకుడు ఆ భయంలో కొంతసేపైనా నిలబడక తప్పదు.

జానపద భయానకాన్ని కాలక్షేపంగా తీసివేసే అలవాటు మన విద్యావంతులలో ఉంది, నాలోనూ లేకపోలేదు. అయితే చరిత్ర వదిలివేసిన గదిలోకి ఒక పాప్ గాయని దీపం పట్టుకొని వెళ్లింది. అక్కడ ఆమెకు కనిపించిన రాణికి లీలా అని పేరు పెట్టింది. మా వంశవృక్షంలోని ఆ ఖాళీకి నేను ఆపాటి పని కూడా చేయలేను. సమీక్షాపత్రంలో మాత్రం పేరుకు ఒక గడి ఉంది. దానిని చూసినప్పుడల్లా, అక్షరం తప్పు పోకుండా రాశారా అని ఒకటికి రెండుసార్లు సరిచూస్తాను.