గుట్ట వయసు

పొద్దుగాల కొండగట్టు మెట్లెక్కుతుంటే బ్రిస్బేన్ నుంచి తమ్ముని ఫోన్.
"అన్నా, ఈడ వొలుంబిన్ అని ఓ గుట్ట ఉంది. పాత అగ్నిపర్వతం. 2 కోట్ల ఏళ్ల పైబడ్డదట!"

పొద్దుపొడుపు చూద్దామని జనం చీకట్లనే ఎక్కేటోళ్లట. 2020 నుంచి దారి మూసిన్రు. బుండ్జలుంగ్ ఆదివాసులకు అది పవిత్రం. ఎక్కకుండ ఉండుడే వాళ్ల భక్తి.
మనకేమో ఎక్కుడే భక్తి!

మన కరీంనగర్ దిక్కు గ్రానైట్ రాళ్లు దాదాపు 250 కోట్ల ఏళ్లనాటివి. ఆ లెక్కన వాళ్ల గుట్ట నిన్నమొన్న పుట్టిన పోరడు.
(తమ్మునికి చెప్తే ఒప్పుకోలే.)

గింత పాత రాయి మీద నీళ్ల సీసాలు పారేసి వస్తున్నం, అదే మనసుకు పట్టింది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దోస్తులూ, మీ ఊరి గుట్ట మీద పొద్దుపొడుపు ఎప్పుడన్న చూసిన్రా? ఫొటోలుంటే కింద పెట్టుండ్రి.