నీటిలోతు, దాపరికము

తెనాలిలో చికిత్సాలయము నడుపుచు, జీవితబీమాకై వచ్చువారి దేహపరీక్షలు కూడ చేయు నాకు, మనుష్యుడు రోగమునకంటె సాహసమునే ఎక్కువగ దాచునని కాలక్రమమున తెలియవచ్చినది. మద్యపానమును సిగ్గుచే దాచుదురు. నీట మునుగుటను, అది చెప్పదగిన సంగతియని తోచకయే దాచుదురు.

బాపట్ల ప్రాంతపు యువకుడొకడు అండమానులో యాత్రికులకు స్కూబా డైవింగు నేర్పుచుండెను. సాయంకాలము వరకు పలుమార్లు మునిగి, మరునాటి ఉదయమే విమానమెక్కి ఇల్లు చేరిన అతడు, భుజమున తొలుచునట్టి నొప్పియు అరచేత తిమ్మిరియు కలవని చెప్పి, సిలిండరు మోసినందున నరము పట్టినదని తానే నిర్ణయించుకొని, సూదిమందు మాత్రము కోరెను. గుచ్చి గుచ్చి అడిగినగాని విమానపు సంగతి వెలువడలేదు.

సముద్రమున ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనము అదనముగ చేరును. 30 మీటర్ల యడుగున దేహముపై పీడనము ఒడ్డునకంటె నాలుగు రెట్లుండును. ఆ ఒత్తిడిలో పీల్చిన గాలియందలి నత్రజని రక్తమునను కొవ్వునను కరగి నిలుచును. మెల్లగ పైకి వచ్చినచో ఊపిరితో వెడలిపోవును. త్వరపడినచో, గోళీసోడా కొట్టినపుడు పొంగునట్లు, బుడగలై కీళ్లను, వెన్నుపామును పట్టును. విమానములో పీడనము నేలమీదికంటె తక్కువ గనుక, మునిగిన వెంటనే ఎగురుట కూడ ఆ త్వరయే. 1908లో శరీరశాస్త్రజ్ఞుడు హాల్డేన్ మేకలపై ప్రయోగములు చేసి, మజిలీలుగ ఆగుచు పైకి రావలసిన పద్ధతిని ప్రకటించెను. పలుమార్లు మునిగినవారు విమానమెక్కుటకు కనీసము 18 గంటలు ఆగవలెనను నియమమును ఈ యువకుడే ఇతరులకు బోధించుచుండెను! ప్రాణవాయువు పెట్టి, రోడ్డు మార్గముననే పీడనచికిత్స గల వైద్యశాలకు పంపితిని, తిమ్మిరి తగ్గినది.

పిమ్మట అతడు బీమాపత్రముతో వచ్చెను. ప్రమాదకర వ్యాపకముల గడిలో ఏజెంటు అప్పటికే "లేదు" అని వ్రాసియుండెను. "ఈతకీ బీమాకీ ఏం సంబంధమండీ డాక్టరుగారూ? రాస్తే ప్రీమియం పెంచుతారు" అని అతని వాదము. నిజమే, లోతును, శిక్షణను, ఏటికెన్ని మార్లు మునుగునో విచారించి పెంచుదురు. ప్రమాదబీమా రైడరునుండి ఈ పనిని తప్పించుటయు కలదు. కాని "లేదు" అను ఆ చిన్నమాట నాకు భయము కలిగించెను. ఏలయన, రేపల్లె వైపు ఇల్లాలొకతె, ఇట్లే "లేదు" అని వ్రాసిన భర్త రెండవయేటనే నీట మరణింపగా, నిరాకరణ లేఖను చేతబట్టుకొని నాయొద్దకు వచ్చియుండెను. 2015లో సవరింపబడిన బీమా చట్టపు 45వ సెక్షను, మూడేండ్లు నిండిన పాలసీని ఏ కారణముచేతను ప్రశ్నింపరాదనును. ఆలోపల మాత్రము దాచినది బయటపడెనా, భార్యాబిడ్డలకు దిక్కులేదు. ఇదంతయు విని యువకుడు కొత్తపత్రమున నిజము వ్రాసెను. అదనపు ప్రీమియముతో పాలసీ వచ్చెను.

నాకు అంతకంటె దిగులు గజ ఈతగాండ్రను గూర్చి. కార్తికమాసమున సూర్యలంక తీరమున ఎవరైన గల్లంతైనను, కాలువలో బిడ్డ జారిపడినను, మొదట పిలుచునది వీరినే. సిలిండరు లేదు, తోడు తాడు కూడ ఒక్కొక్కప్పుడుండదు. మునుగుటకు ముందు గబగబ ఊపిరి తీసిన ఎక్కువసేపు నిలువవచ్చునని వీరి నమ్మిక. కాని అట్లు చేసినచో రక్తమున బొగ్గుపులుసు వాయువు తగ్గి, ఊపిరికై తహతహ పుట్టకమునుపే స్పృహ తప్పవచ్చును. ఎంత నేర్పరికైనను ఈ అపాయము కలదు.

ఇట్టివారికి, వైద్యపరీక్ష లేకయే, ఏటికి 436 రూపాయలకు రెండు లక్షల జీవితబీమా నిచ్చు జీవనజ్యోతి పథకమును, 20 రూపాయలకు అంతే ప్రమాదబీమా నిచ్చు సురక్షా పథకమును బ్యాంకులలో కలవు. చెవిపోటుతో వచ్చిన ప్రతి ఈతగానిని, మందుచీటి వ్రాయకముందే, ఈ రెండింటను చేరితివాయని అడుగుచున్నాను. చేరితిమనువారు ఇంకను తక్కువే.