పిండిని బట్టి ఎసరు

తాడేపల్లిగూడెం రైసు మిల్లుల ఊక దుమ్ములో పెరిగి, పిండిమిల్లుల ఊరు మినియాపొలిస్‌లో కాపురం పెట్టాను. 1880 నుంచి ఓ యాభై ఏళ్ళు ప్రపంచానికంతటికీ గోధుమపిండి రాజధాని ఇదే. మిసిసిపీ ఒడ్డున వాష్‌బర్న్ మిల్లు 1878లో పేలిపోయి 18 మంది చనిపోయారు. గాల్లో తేలే పిండిదుమ్మే అంటుకుంది. ఆ చోట మళ్ళీ కట్టిన మిల్లు శిథిలాల్లో ఇప్పుడు మ్యూజియం ఉంది. ఊరి నుంచి ఎవరొచ్చినా చూపిస్తాను. ఊక పొయ్యిలు చూసినవాళ్ళకి ఆ కథ చప్పున అర్థమవుతుంది.

లాక్‌డౌన్ నాటి నుంచి ఇక్కడి తెలుగు ఇళ్ళల్లో చాలామందికి బ్రెడ్డు పిచ్చి పట్టుకుంది. ఎవర్ని కదిపినా ఒకటే గోల: పిండి చేతికి అంటుకుంటోంది. మరుక్షణం గుప్పెడు పొడిపిండి చల్లుతారు. చపాతీ పిండి కలిపిన చెయ్యి కదా, జిగురు కనబడితే ఊరుకోదు. నా తగువంతా ఆ గుప్పెడుతోనే. కాలిన బ్రెడ్డు ఇటుకలా రావడానికి చాలాసార్లు కారణం అదే.

అసలు నీళ్ళ లెక్క మనకి కొత్తేం కాదు. మా జిల్లాలోనే మారుటేరులో 1982లో విడుదలైన స్వర్ణ బియ్యం సంగతి చూడండి. పాతబడ్డాక గ్లాసుకి రెండు గ్లాసుల ఎసరు తాగుతాయి. కోతలైన కొత్తల్లో అంతే పెడితే జావే. ఏ ఇల్లాలూ పుస్తకం చూసి ఎసరు పెట్టదు. బ్రెడ్డు దగ్గరకొచ్చేసరికి మాత్రం ఎవరో రాసిన కప్పుల కొలతని వేదవాక్కులా పట్టుకుంటాం. కప్పు పిండి తేలిగ్గా చల్లితే 120 గ్రాములు, ముంచి తీస్తే 150 దాటుతుంది. కాటా కొనుక్కోవడం ఒక్కటే దీనికి మందు.

పిండి పిండికీ దాహం వేరు. ఇక్కడి చలి నేలల ఎర్రగోధుమలో మాంసకృత్తులెక్కువ. అరకిలో బ్రెడ్ పిండి 340 గ్రాముల నీళ్ళు సులువుగా పట్టేస్తుంది. ఇండియా మైదాకి 300, మహా అయితే 320. చక్కీలో ఆడించిన గోధుమపిండికి 350 పైమాటే, పైగా తౌడు నిదానంగా నానుతుంది. శీతాకాలంలో హీటరు వేడికి డబ్బాలో పిండి కూడా ఎండిపోతుంది. ఎప్పుడూ పోసే నీళ్ళకి ఓ చెంచా కలపాల్సిందే.

ఏలూరులో మా వదినకి ఇదంతా తలకిందులు. ఆవిడ పుట్టిల్లు కైకలూరు. కొల్లేటి గాలికి వానాకాలం ఉప్పు జాడీలో నీళ్ళూరే చోటు. ఈమధ్య ఓవెన్ కొని, వీడియో కాల్‌లో బేసిను చూపించింది. వేళ్ళ మధ్య పిండి తీగలు సాగుతోంది.

"ఏంటమ్మా ఇది, బంకలా ఉంది. ఇంకాస్త మైదా వేసెయ్యనా?"

"వద్దు వదినా, మూత పెట్టి అరగంట వదిలెయ్యండి. బొబ్బట్లకి తోపు నానబెట్టరూ, అలా."

అరగంటయ్యాక తడిచేత్తో ఒకసారి మడిస్తే అంచులు బేసిను వదిలేశాయి. నీళ్ళు ఇంకితే పిండిలోని జిగట తనంతట తానే అల్లుకుంటుంది. ఫ్రెంచి రొట్టెల పండితుడు రేమండ్ కాల్వెల్ 1974లో ఈ పద్ధతికి 'ఆటోలీజ్' అని పేరు పెట్టాడు. తోపు కలిపే మన పెద్దవాళ్ళు ఏ పేరూ లేకుండానే చేసుకుంటూ వచ్చారు.

అరగంట ఆగినా సాగిలబడే ఉంటే అప్పుడు వేరే కారణం వెతకాలి. ఉప్పు మరిచారేమో. అరకిలోకి పది గ్రాములు పడకపోతే పిండి బిగుసుకోదు. మొదట బాగానే ఉండి, పొంగాక జారుడుగా మారిందంటే పులుపెక్కువైనట్టు. ఏలూరు మే నెల ఎండల్లో జరిగేదిదే. గంటలో పొంగాల్సింది అరగంటలో పొంగి కూలిపోతుంది. ఇక దానికి పొడిపిండి చల్లి లాభంలేదు, పెనం మీద రొట్టె వేసుకోవడమే. మళ్ళీ కలిపేటప్పుడు ఫ్రిజ్ నీళ్ళు పోసి, ఈస్టు సగానికి తగ్గించాలి. ఇక్కడ జనవరిలో నేను గోరువెచ్చటి నీళ్ళు పోసి, ఓవెన్‌లో దీపం ఒక్కటే వేసి లోపల పెడతాను.

మా చిన్నప్పుడు బ్రెడ్డంటే జ్వరం పథ్యం. కేంద్ర ప్రభుత్వం 1965లో పెట్టిన మోడ్రన్ బేకరీస్‌ వాళ్ళ మైనం కాగితం పొట్లం, పక్కన పాలగ్లాసు. అంచేత దాని మెత్తదనం మీద ఎవరూ పెద్దగా ఆలోచించలేదు. వదిన ఇప్పుడు ఆలోచిస్తోంది. మొన్న ఫోన్ చేసి, అన్నయ్యకి షుగరు కాబట్టి మొత్తం గోధుమపిండితోనే చేస్తానంది. అరకిలోకి 375 గ్రాముల నీళ్ళు పోసి, గంట నాననివ్వమన్నాను. ఎత్తు మాత్రం రాదని కూడా చెప్పాను.

"ఎత్తుతో మాకేం పనమ్మా, మీ అన్నయ్య పప్పుచారులో ముంచుకు తినేదేగా" అంది.