ఎనభై మీటర్ల దూరం

‘‘బావా, దూరంగ ఉన్నది దగ్గరగ కనపడాలె. తర్వాత కోసుకున్నా బొమ్మ చెడిపోవద్దు. నలభై వేలల్ల ఏం కెమెరా వస్తది?’’

2024 డిసెంబర్‌లో సూరత్ నుంచి మా బావమరిది ఫోన్ చేసి అడిగిన ప్రశ్న ఇది. పదేళ్లకు పైగా వార్తల పనిలో ఉన్నవాడికి అరగంటలో తేలిపోవాల్సిన విషయం. నేను నాలుగు రోజులు నాన్చాను. కెమెరాల సంగతి తెలియక కాదు. వాడు అడిగినవి రెండే. దూరపు దృశ్యం, క్రాప్. ఆ రెండూ కలిపి అదే ఇంటి డాబా మీద నేను చేసిన నిర్వాకం ఒకటి ఉంది. వాడికి అది గుర్తుందో లేదో అడిగే ధైర్యం చాలలేదు.

ఆ ఇల్లు భేస్తాన్‌లో ఉంది. సూరత్‌కు దక్షిణాన ఉధనా దాటి సచిన్ వైపు వెళ్తుంటే తగిలే పేట. ముంబై-అహ్మదాబాద్ మార్గంలో చిన్న రైల్వే స్టేషన్. ఒక పక్క పాండేసరా అద్దకం మిల్లుల పొగగొట్టాలు, మరో పక్క మరమగ్గాల షెడ్లు. సిరిసిల్ల ప్రాంతపు పద్మశాలీలు బతుకుతెరువు కోసం షోలాపూర్, భివండీ, సూరత్ పట్టిన కాలంలోనే మా మామ కూడా నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాడు. మొదట లింబాయత్‌లో అద్దెకున్నారు. మా బావమరిది అక్కడే నగరపాలక సంస్థ నడిపే తెలుగు మాధ్యమం బడిలో చదువుకున్నాడు. తర్వాత భేస్తాన్‌లో మూడంతస్తుల ఇంట్లో పైవాటా కొనుక్కున్నారు. పాతికేళ్లు మగ్గాల మధ్య నిలబడిన మామకు ఇప్పుడు గట్టిగా మాట్లాడితే తప్ప వినపడదు. మగ్గం పని మానేశాక కూడా ఆయన అరిచినట్టే మాట్లాడతాడు.

2018 జనవరిలో సూరత్ తెలుగు కార్మికుల మీద వ్యాసం రాయడానికి నేను ఆ ఇంట్లోనే దిగాను. రాజనీతిశాస్త్రంలో ఎంఏ చేసి, వలస మీద పుస్తకాలు చదివి, కార్మికుల గురించి నాకు చాలా తెలుసనుకునే వయసు. నాలుగు రోజులు షెడ్ల చుట్టూ తిరిగాను. యజమానులు కెమెరాను లోపలికి రానివ్వలేదు. జనవరి 14న ఉత్తరాయణం. గుజరాత్‌లో ఆ రోజు ఊరంతా డాబాల మీదే ఉంటుంది. అత్త సకినాలు చేసింది, పక్కింటివాళ్లు ఉంధియూ పంపారు. ఆకాశం నిండా గాలిపటాలు. ఒకటి తెగితే నాలుగు డాబాలు ఒక్కసారి ‘కాయ్‌పో ఛే’ అని కేకవేస్తున్నాయి.

నా మెడలో 24 మెగాపిక్సెళ్ల కెమెరా, దానికి 70-300 ఎంఎం లెన్స్. వీధికి అవతల, దాదాపు ఎనభై మీటర్ల దూరంలో ఒక షెడ్డు పైకప్పు. అక్కడ ఒక కుర్రాడు మోకాళ్ల మీద మోచేతులు ఆనించి, తల వంచుకుని కూర్చున్నాడు. బనియన్ మీద నూలు పీచు. 300 దగ్గర పెట్టి ఐదారుసార్లు నొక్కాను.

లెక్క చెప్తాను. ఆ దూరంలో, ఆ లెన్స్‌తో ఫ్రేమ్‌లో పట్టేది ఆరు మీటర్ల పైచిలుకు వెడల్పు, నాలుగు మీటర్ల ఎత్తు. 6,000 పిక్సెళ్ల వెడల్పున్న బొమ్మలో అతని వాటా 1,150 పిక్సెళ్లు. మిగతాదంతా కోసేశాను. 24 మెగాపిక్సెళ్లలో మిగిలింది రెండుకు కూడా తక్కువ. పత్రికలో అంగుళానికి 300 చుక్కల చొప్పున వేసుకుంటే నాలుగంగుళాల వెడల్పు కూడా రాదు. కానీ పేజీలో ఒక మూలకు అది చాలు. కింద రెండు మాటల వ్యాఖ్య రాశాను: ‘అలసిన బతుకు’.

వ్యాసం బాగుందన్నారు. ఫోటో ఇంకా బాగుందన్నారు.

మూడు వారాల తర్వాత మామ ఫోన్ చేశాడు. ఆ కుర్రాడిది సిరిసిల్ల దగ్గరి పల్లె. ఊళ్లో ఎవరో పత్రిక తెచ్చి వాళ్లమ్మకు చూపించారు. సిరిసిల్ల వైపు తల్లులకు పత్రికలో నేతగాడి ఫోటో అంటే ఏమిటో తెలుసు. ఆత్మహత్యల సంవత్సరాలను వాళ్లు చూసినవాళ్లు. తల వంచుకున్న కొడుకు బొమ్మ, కింద అర్థం కాని పెద్ద మాట. ఆమెకు చదువు రాదు. చదివి చెప్పినవాడు ఏం చెప్పాడో ఏమో, ఆమె వెంటనే కొడుక్కు ఫోన్ చేసింది. అతడు రాత్రి షిఫ్టులో ఉన్నాడు. మగ్గాల మోతలో ఫోన్ మోగినా వినపడదు. పన్నెండు గంటల షిఫ్టు. ఆమె తెల్లవార్లూ ఫోన్ చేస్తూనే ఉంది. పొద్దున అతడు బయటికొచ్చి చూసుకునే సరికి, పక్కింటివాళ్లు ఆమెను పట్టుకుని కూర్చున్నారు.

అతడు గొడవ చేయలేదు. పత్రిక పట్టుకుని మామ దగ్గరికొచ్చి, ‘‘మీ అల్లుడు ఒక్కమాట అడిగి తీస్తే, నవ్వుకుంట కూసుందును గద కాకా’’ అని మాత్రం అన్నాడట.

మామ నన్ను తిట్టలేదు. ‘‘పిలిస్తే పలికే దూరంల ఉన్నడు గదరా అల్లుడా. వాని పేరు నన్ను అడిగినా చెప్తును. గంత పెద్ద దుర్బిణి పెట్టుకొని చూస్తివి గని, ఒక్కపారి పిలవకపోతివి’’ అన్నాడు.

ఆ రాత్రి అసలు ఫైలు తెరిచాను. మొత్తం ఫ్రేమ్‌లో ఐదుగురు ఉన్నారు. ఒకడు ఫిర్కీ పట్టుకుని నిలబడ్డాడు. ఇద్దరు చిరిగిన గాలిపటానికి కాగితం అంటిస్తున్నారు. ఇంకొకడు స్టీలు పళ్లెంలోంచి ఏదో తింటూ నవ్వుతున్నాడు. నా ‘అలసిన బతుకు’ తల వంచుకున్నది అలసటతో కాదు. అతడి ఒళ్లో దారం చిక్కుపడి ఉంది, దాన్ని విప్పుతున్నాడు. క్రాప్‌లో నేను కింది అంచును మోకాళ్ల దగ్గర పెట్టాను. దారం పోయింది. మిగిలింది నాకు కావలసిన కార్మికుడు.

అతడు అలసిపోలేదని కాదు. పన్నెండు గంటల షిఫ్టు నిజం, బనియన్ మీద పీచు నిజం. వ్యాసంలో రాసినవేవీ అబద్ధాలు కావు. కానీ ఆ ఒక్క మధ్యాహ్నం అతడు అలసట పక్కన పెట్టి పండగ చేసుకుంటున్నాడు. నేను ఆ పండగను కోసేశాను.

క్రాప్ చేయడం నేరమేమీ కాదు. ప్రపంచంలో ఎక్కువగా అచ్చయిన ఫోటోల్లో ఒకటి క్రాపే. 1960 మార్చి 5న హవానాలో అల్బెర్టో కోర్డా 90 ఎంఎం లెన్స్‌తో తీసిన చే గువేరా ఫోటోలో ఒక పక్క మరో మనిషి ముఖం, ఇంకో పక్క తాటి జాతి చెట్టు ఆకులు ఉంటాయి. రెండూ తీసేశాకే అది చొక్కాల మీదికెక్కింది. వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీ నిబంధనలు కూడా ఫోటోలో లేనిది చేర్చడాన్ని, ఉన్నది చెరిపేయడాన్ని ఒప్పుకోవు గానీ, అనవసరమైన అంచులు కోయడాన్ని ఒప్పుకుంటాయి. ఏది అనవసరమన్నదే చిక్కు. నా ఫోటోలో నలుగురు మనుషులు, ఒక దారపు చిక్కు అనవసరమని నేను నిర్ణయించాను.

దూరం నుంచి తీయడమూ నేరం కాదు. 2002 మార్చి 1న అహ్మదాబాద్‌లో రాయిటర్స్ ఫోటోగ్రాఫర్ అర్కో దత్తా తీసిన, చేతులు జోడించి వేడుకుంటున్న దర్జీ ఫోటో లేకపోతే ఆ రోజులకు అంత బలమైన సాక్ష్యం ఉండేది కాదు. అయితే ఆ దర్జీని ఆ ఫోటో ఏళ్ల తరబడి వెంటాడింది. రాజకీయాలకు తన ముఖాన్ని వాడుకోవద్దని అతడు పదేపదే కోరాల్సి వచ్చింది. అల్లర్ల మధ్య ఫోటోగ్రాఫర్‌కు వెళ్లి అడిగే వీలుండదు. నాకు అలాంటి అడ్డేమీ లేదు. మధ్యలో ఉన్నది ఒక వీధి, అందులో ఒక చాయ్ బండి.

అందుకే బావమరిది ఫోన్‌కు నాలుగు రోజులు జవాబివ్వలేదు. ఐదో రోజు ముందు అడగాల్సిన ప్రశ్న అడిగాను: ‘‘దేన్ని తీస్తవురా?’’

‘‘పక్షుల్ని బావా. మాంజా తగిలి చిక్కుకుంటయి గద. కింది నుంచి చూస్తే బతికున్నదో లేదో తెల్వది. ఉత్తగ ఫోన్ జేసి మందిని పిలిస్తే, వాళ్లొచ్చే సరికి అది పాత గాలిపటం అయితది.’’

సూరత్ మాంజా పదునుకు పేరు. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది. గాజుపొడి అద్దిన నూలు దారమైనా రెక్కను కోయగలదు. గుజరాత్ ప్రభుత్వం ఏటా ఉత్తరాయణం రోజుల్లో ‘కరుణా అభియాన్’ పేరిట గాయపడిన పక్షుల్ని కాపాడే కార్యక్రమం నడుపుతోంది. 1962 నంబరుకు ఫోన్ చేస్తే సాయం వస్తుంది. కానీ ఒకే రోజు ఊరంతా పిలుపులే. ఏది ముందో చెప్పగలిగితే ఒక ప్రాణం దక్కవచ్చు. చీరల డిజైన్లు కంప్యూటర్ మీద వేసే మా వాడు ఆ పనికి పూనుకున్నాడు.

అప్పుడు కాగితం తీసుకుని కూర్చున్నాను. దూరపు ఫోటోకు మెగాపిక్సెళ్ల మొత్తం ముఖ్యం కాదు. ఆ వస్తువు మీద ఎన్ని పిక్సెళ్లు పడుతున్నాయన్నదే ముఖ్యం. 45 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, 24 మెగాపిక్సెళ్ల చిన్న సెన్సర్ కెమెరా తీసుకుందాం. రెండింటికీ అదే 300 ఎంఎం లెన్స్ తగిలిస్తే, ఎనభై మీటర్ల దూరంలో మొదటిది ఒక మీటరుకు సుమారు 860 పిక్సెళ్లు ఇస్తుంది, రెండోది 950 పైన. అంటే చివరికి క్రాప్ చేసుకునేవాడికి ఖరీదైనది అక్కరకు రాదు. వెలుతురు తక్కువైనప్పుడు దాని గుణం వేరు, అది వేరే లెక్క. ఇంకొకటి. వెడల్పులో సగానికి, ఎత్తులో సగానికి కోస్తే మిగిలేది సగం కాదు, పావు. మసక, చుక్కల గోల కూడా అదే నిష్పత్తిలో పెద్దవవుతాయి. ఫోన్‌లో డిజిటల్ జూమ్ అనేది కూడా క్రాప్‌కు ముద్దుపేరే. పైగా కొన్ని ఫోన్లు లేని వివరాన్ని తామే నింపుతాయి. శామ్‌సంగ్ ఫోన్లలో చంద్రుడి బొమ్మల మీద 2023లో రేగిన వాదం అదే. రెక్క విరిగిందా లేదా అని చూడాల్సిన చోట అలాంటి సాయం వద్దు.

చెట్టుకో స్తంభానికో చిక్కిన పక్షి ఎక్కడికీ పోదు. పట్టపగలు. 150 మీటర్లలోపు దూరం. ఈ మూడూ రాసుకున్నాక జవాబు నేను అనుకున్న చోటికి రాలేదు. లెన్సులు మార్చే పెద్ద కెమెరా వద్దు. సెకండ్ హ్యాండ్‌లో నికాన్ పీ900 కొనమన్నాను. 2015 నాటిది. 83 రెట్ల జూమ్, అంటే 2,000 ఎంఎంకు సమానం. బరువు 900 గ్రాములు. సెన్సర్ గోరంత, 16 మెగాపిక్సెళ్లు, రా ఫైలు ఇవ్వదు, ఎగిరే పక్షిని వెంటాడలేదు, చీకటి పడితే చేతులెత్తేస్తుంది. మాలాంటివాళ్లు దాన్ని బొమ్మ కెమెరా అంటారు. కానీ 150 మీటర్ల దూరంలోని గద్ద మీద అది వెయ్యి పిక్సెళ్లు పెడుతుంది. నా 300 ఎంఎం లెన్స్ పెట్టేది మూడు వందలు. మా వాడికి క్రాప్ చేయాల్సిన అవసరమే పెద్దగా ఉండదు. ‘‘గోడకు ఆనించి పట్టుకో, రేకుల కప్పుల మీదుగా ఎండలో తీస్తే గాలి ఉడికి బొమ్మ వణుకుతది, పొద్దున్నే తియ్యి’’ అని చెప్పాను. ‘‘ఫ్రేమ్‌ల మనుషులుంటే పోయి చెప్పి రా’’ అని కూడా అన్నాను. వాడు నవ్వి ఊరుకున్నాడు. గుర్తుందన్నమాట.

2025 ఉత్తరాయణానికి భేస్తాన్ వెళ్లాను. రెండు రోజుల్లో వాడు మూడింటిని చూశాడు. మొబైల్ టవర్ మీద వేలాడుతున్నది నల్ల ప్లాస్టిక్ సంచి. ఎవరినీ పిలవలేదు. కొబ్బరిచెట్టులో ఒక పావురం అప్పటికే చచ్చిపోయింది. మూడోది వీధి దీపపు స్తంభం దగ్గర గద్ద. అంత దూరం నుంచి దారం సరిగా కనపడలేదు గానీ, ఎడమ రెక్క తలకిందులుగా తిరిగి ఉంది, కన్ను తెరిచి ఉంది. ఆ ఫోటో పంపి 1962కు ఫోన్ చేశాడు. మనుషులు వచ్చి దింపి, పెట్టెలో పెట్టుకుపోయారు.

ఆ సాయంత్రం మామతో కలిసి వీధి దాటాను. షెడ్డు అదే. అతడు ఇంకా అక్కడే పనిచేస్తున్నాడు, ఇద్దరు పిల్లలు. ఏడేళ్లు ఆలస్యంగా క్షమాపణ చెప్పాను. ‘‘గప్పటి ముచ్చట గద అన్నా, పోనీ’’ అన్నాడు. ట్యాబ్‌లో మొత్తం ఫోటో చూపించాను. తన బొమ్మను అతడు ఎక్కువసేపు చూడలేదు. ఫిర్కీ పట్టుకుని అంచున నిలబడ్డవాడి మీద వేలు పెట్టాడు.

‘‘వీడు మస్తు గట్టిగ ఎగిరేస్తుండె. 2020ల లాక్‌డౌన్‌ల ఊరికి పోయిండు. మళ్ల రాలే’’ అన్నాడు. ఎందుకు రాలేదో నేను అడగలేదు, అతడు చెప్పలేదు. ‘‘ఇది మొత్తం కడిగించి ఇస్తవా అన్నా? ఎక్కడ కోయకుండ.’’

కోయకపోతే దాని సైజు 6,000 బై 4,000. అంగుళానికి 300 చొప్పున వేసినా 20 అంగుళాల వెడల్పు వస్తుంది. మర్నాడు ఉధనాలో ప్రింట్ చేయించి ఇచ్చాను. వాళ్లమ్మకు పంపడానికి ఇంకొకటి అడిగితే, అదీ చేయించాను.