బ్యాగు బరువు, బాపు మాట

పోయిన వానాకాలం మా ఇంట్లో జరిగిన ముచ్చట ఒకటి చెప్పాలి. ఆఫీసు బ్యాగు గురించే, కానీ చదవండి.

మాది వర్లీ బీడీడీ చాళ్‌లో 160 చదరపు అడుగుల ఖోలీలో బతికిన కుటుంబం. బాపు లోయర్ పరేల్ మిల్లులో సాంచాలు నడిపాడు. 1982 జనవరి 18న సమ్మె మొదలైంది. ఆ తర్వాత మిల్లు భోంగా మళ్లీ మా కోసం మోగలేదు. కొన్నేళ్లకు కల్యాణ్ చేరాం. ఇప్పుడు మా అమ్మాయి అదే లోయర్ పరేల్‌లో, ఒకప్పటి మిల్లు ఆవరణలో లేచిన ఆఫీసులో పనిచేస్తోంది. తాత నడిచి వెళ్లిన చోటికి మనవరాలు దాదర్‌లో బండి మారి వెళ్తోంది.

ఉద్యోగం వచ్చిన రోజు మేమే ముచ్చటపడి ధారావిలో తోలు బ్యాగు కొనిచ్చాం. ఒక్క భుజానికి వేసుకునేది. అందం చూశాం, ధర చూశాం, అంతే. ఆరు నెలలకు "చెయ్యి తిమ్మిరెక్కుతోంది" అంది. "ఈ కాలం పిల్లలకు ఓపిక తక్కువ" అన్నాం. పిల్ల ఇక చెప్పడం మానేసింది. ఇంటి లోను వాయిదా ఆమె జీతంలోంచే పోతోంది. ఒక రాత్రి అన్నం దగ్గర రొట్టె తుంచబోతే వేళ్లు పట్టు చిక్కలేదు. అది చూసింది మేం కాదు, బాపు.

ఫిజియోథెరపీ డాక్టరమ్మ ముందు బ్యాగును తూకం వేయించింది. ఏడు కిలోలు! లాప్‌టాప్, చార్జర్, డబ్బా, రెండు నీళ్ల సీసాలు, గొడుగు, అన్నీ ఒకే భుజం మీద. ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో మంచం మీద మెడ వంచుకుని కూర్చోవడం వేరే.

ఆ సాయంత్రం బాపు అన్నాడు: "మా నాయిన గుంట మగ్గం ఏసినప్పుడు కాళ్ల కొలత సూసి గుంట తవ్విండు, కూసునే పలక ఎత్తు సరిజేసిండు. మిల్లుల సాంచాకు మనమే వంగాలె. నా నడుము గట్లనే పోయింది. గిది నీ మగ్గం బిడ్డా, నీ ఎత్తుకు పెట్టుకో."

మేమిద్దరం తల దించుకున్నాం.

తర్వాత బ్యాగు కొనడానికి ఖాళీ చేతులతో పోలేదు. లాప్‌టాప్, నిండు డబ్బా తీసుకుపోయి, అందులో వేసి, దుకాణంలోనే పది నిమిషాలు నడిపించాం. రెండు వెడల్పు పట్టీలు, లాప్‌టాప్ అర వీపు వైపు, పైన గట్టి పిడి. లోకల్‌లో బ్యాగు ముందుకు వేసుకోవాలి కదా, అందుకే ఉబ్బుగా ఉన్నది వద్దన్నాం. రాక్‌లోకి అందించాలంటే పిడే ఆధారం. వానకు పైతొడుగు. రెండు సీసాలకు బదులు ఒకటి, రెండో చార్జర్ ఆఫీసులోనే.

ఇంట్లో లాప్‌టాప్‌కు స్టాండు కొనేదాకా పాత పుస్తకాలే ఎత్తు పెట్టాం. తెర పై అంచు కళ్ల ఎత్తుకు రావాలి. అలా ఎత్తాక కీబోర్డు, మౌస్ విడిగా ఉండాల్సిందే, లేకపోతే మెడ బాధ భుజాలకు పోతుంది. మోచేతులు బల్ల ఎత్తులో, పాదాలు నేలకు ఆనాలి. మా అమ్మాయికి అందక చిన్న పీట వేశాం. ఖరీదైన కుర్చీ ఇంకా కొనలేదు. చెయ్యి మాత్రం మెల్లగా దారికొస్తోంది.

ఈ ఆదివారం మీ ఇంట్లో బ్యాగులన్నీ ఒకసారి తూకం వేయండి. బడి పిల్లలవి కూడా. పిల్ల బరువులో పదో వంతు దాటకూడదని 2020 బడి సంచుల విధానమే చెబుతోంది. అన్నిటికంటే ముందు, ఎవరైనా నొప్పి అంటే "ఓపిక లేదు" అనకండి. మేం అన్నాం. ఆ మాట ఏడు కిలోల కంటే బరువైంది.