బడి పేపర్

సైకిలు పందెం మీద ఒక ఐటమ్ రాయమన్నారు మా ఇన్‌ఛార్జి గారు. టూర్ డి ఫ్రాన్స్! ఏటా జులైలో మూడు వారాలపాటు, ఇరవై ఒక్క అంచెల్లో, మూడు వేల కిలోమీటర్లకు పైగా సాగే పందెం. ‘నీకు సైకిళ్లంటే ఇష్టమేగా’ అన్నారాయన. ఇష్టం సంగతేమోగానీ, మా ఇంట్లో అన్నం పెట్టింది సైకిలే. ఆ మాట ఆఫీసులో ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు.

మాది జమ్మికుంట. పత్తి మార్కెట్టుకు పేరున్న ఊరు. బాపు ఇంటింటికీ పేపర్ వేసేవాడు. తెల్లారగట్ల నాలుగింటికి కరీంనగర్ నుంచి వ్యాను వచ్చేది. కట్టలు విప్పి, మధ్యలో అనుబంధాలు పెట్టి, క్యారియర్ మీద తాడుతో బిగించి బయల్దేరేవాడు. ముందు టౌను, తర్వాత ఇల్లందకుంట దారి. సీజన్లో రాత్రి నుంచే పత్తి బండ్లు రోడ్డు పొడవునా బారులు తీరేవి. వాటి సందుల్లోంచి గంట కొట్టుకుంటూ దూరిపోయేవాడు. ఇంటికొచ్చేసరికి చేతులకు నల్లటి సిరా, జుట్టులో తెల్లటి పత్తి.

ఐటమ్ కోసం చదవడం మొదలుపెట్టి, ఆదిలోనే ఆగిపోయాను. ఇంత పెద్ద పందెం పుట్టింది ఆటగాళ్ల కోసం కాదు. పేపర్లు అమ్ముకోవడం కోసం!

అప్పట్లో ఫ్రాన్స్‌లో ‘లె వెలో’ అనే క్రీడాపత్రిక ఉండేది. ఆకుపచ్చ కాగితం మీద అచ్చయ్యేది. దేశద్రోహి అని అన్యాయంగా ముద్రపడిన డ్రైఫస్ అనే సైనికాధికారి పక్షాన నిలబడ్డాడు దాని సంపాదకుడు. ప్రకటనలిచ్చే పారిశ్రామికవేత్తలకు అది నచ్చలేదు. 1900లో వాళ్లే పోటీగా ఇంకో పత్రిక పెట్టించారు. అదే ‘లోటో’. కాగితం రంగు పసుపు. సంపాదకుడు ఆన్రీ డెగ్రాంజ్, ఒకప్పటి సైకిలు వీరుడు. పత్రికైతే వచ్చిందిగానీ, కొనేవాళ్లు పెరగలేదు. 1902లో జియో లెఫెవ్ర్ అనే కుర్ర విలేకరి ఒక సలహా ఇచ్చాడు... దేశం చుట్టూ సైకిలు పందెం పెడదామని.

1903 జులై 1న అరవై మంది బయల్దేరారు. ఆరు అంచెలు, 2,428 కిలోమీటర్లు. ఒక్కో అంచె సగటున నాలుగు వందల కిలోమీటర్లు. రాత్రుళ్లు కూడా తొక్కాల్సిందే. 19న పందెం ముగిసేసరికి మిగిలింది ఇరవై ఒక్కమందే. గెలిచిన మారిస్ గారిన్ చిన్నప్పుడు పొగగొట్టాలు తుడిచి బతికినవాడు. ఆఖరివాడు అతనికంటే దాదాపు 65 గంటలు వెనక! ఆ మూడు వారాల్లో ‘లోటో’ అమ్మకాలు రెట్టింపు దాటాయి. మరుసటి ఏడాది ‘లె వెలో’ మూతపడింది.

చెమటోడ్చింది ఒకరు, సర్క్యులేషన్ పెరిగింది ఇంకొకరికి. ఈ లెక్క నాకు కొత్తది కాదు.

2003లో నేను ఎనిమిదో తరగతి. టూర్‌కు వందేళ్లని ఆట పేజీలో పెద్ద ఫొటో వేశారు. పసుపు జెర్సీలో లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్. అమ్ముడుపోని కాపీలోంచి కత్తిరించి గోడకు అతికించుకున్నాను. సరిగ్గా ఆ రోజుల్లోనే బడి గేటు దగ్గర ఎవడో ‘పేపరాయన కొడుకు’ అన్నాడు. ఆ సాయంత్రం బాపుతో అనేశాను.

‘బాపూ, మా బడి కాడికి రాకు. అందరు చూస్తున్నరు.’

‘అట్లనే బిడ్డా.’

అంతే. ఇంకేమీ అనలేదు. కానీ మా బడి కూడా ఆయన లైనులోదే. పేపర్ మానలేడు కదా! మర్నాటి నుంచీ చీకట్లోనే, అన్ని ఇళ్లకంటే ముందు బడికి పేపర్ వేసి వచ్చేవాడు. నేను గేటు దగ్గరికి చేరేసరికి ఆ పేపర్ హెడ్మాస్టరు గారి టేబుల్ మీద ఉండేది.

2012లో ఆర్మ్‌స్ట్రాంగ్ 1999 నుంచి 2005 దాకా గెలిచిన ఏడు టైటిళ్లూ రద్దయ్యాయి. ఉత్ప్రేరకాలు వాడినందుకు. ఆ ఏడేళ్లకు విజేత గడి ఇప్పటికీ ఖాళీయే. బాపుకు ఫోన్ చేసి చెప్పాను. ‘తొక్కినోళ్లు మస్తుమంది ఉన్నరు గదరా. ఆయన్నొక్కన్నే ఎందుకు అతికిచ్చినవ్?’ అన్నాడు.

నిజమే. ఎవరిని అతికించాల్సిందో ఇప్పుడు తెలిసింది. యూజీన్ క్రిస్టోఫ్‌ని. 1913లో గెలిచే ఊపు మీదున్నాడు. టూర్మలే కొండ దిగుతుంటే ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు విరిగింది. ఎవరి సాయమూ తీసుకోకూడదన్నది రూలు. సైకిలు భుజానేసుకుని పది కిలోమీటర్లకు పైగా నడిచి, ఒక కమ్మరి కొలిమి చేరుకున్నాడు. పర్యవేక్షకులు చూస్తుండగా తనే సుత్తి పట్టి అతుకు వేసుకున్నాడు. కొలిమి తిత్తి ఊదింది మాత్రం ఒక పిల్లాడు. అందుకు కూడా పెనాల్టీ వేశారు! 1919లో టూర్ చరిత్రలోనే తొలి పసుపు జెర్సీ తొడుక్కున్నదీ ఆయనే. ఆ రంగు ‘లోటో’ కాగితం రంగే అంటారు. ఆ ఏడాదీ గెలుపు ముంగిట మళ్లీ ఫోర్కు విరిగింది. టూర్ ఒక్కసారి కూడా గెలవలేదు.

పందెంలో ఆఖరున వచ్చేవాడికీ ఒక పేరుంది. ‘ఎర్ర లాంతరు’. రైలు చివరి పెట్టెకు వేలాడే దీపం నుంచి వచ్చిన పేరది. మా స్టేషన్ పక్క నుంచి వెళ్తూ బాపు రోజూ చూసిన దీపమే.

రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ల ఏలుబడిలోనూ నడిచిన ‘లోటో’ను 1944లో మూసేశారు. 1946లో దాని స్థానంలో ‘లెకిప్’ వచ్చింది. 1947లో పందెం మళ్లీ మొదలైంది. అచ్చేసిన పత్రిక పోయింది, తొక్కేవాళ్లు మిగిలారు. మా ఇంట్లో కథ తిరగబడింది. 2020లో కరోనా వచ్చాక చాలా ఇళ్లు పేపర్ మానేశాయి. బాపు మోకాళ్లూ మానేశాయి. పేపరుంది, నేను అందులోనే పనిచేస్తున్నాను. సైకిలు మాత్రం గోడకు ఆనించి ఉంది.

మొన్న ఇంటికెళ్లినప్పుడు ఇదంతా చదివి వినిపించాను. ‘తిత్తి కొడితే గూడ జుర్మానానా?’ అని చాలాసేపు బాధపడ్డాడు. క్రిస్టోఫ్ గెలవలేదని కాదు, ఆ పిల్లాడు ఏమనుకున్నాడో అని.

అప్పుడడిగాను, ఇరవై ఏళ్లకు పైగా అడగలేనిది. ‘ఆనాడు బడి కాడికి రావద్దంటే నీకు బాధ కాలేదా బాపూ?’

‘బాధేందిరా! బడి పేపర్ ముందుగాల ఏస్తే నాకు చుట్టు తగ్గింది. అందుకే ఏసిన’ అన్నాడు, అటువైపు తిరిగి.

మర్నాడు పొద్దున్నే ఆ సైకిలుకి గాలి కొట్టించి, ఆయన లైను మొత్తం తొక్కి చూశాను. మొదట పాత పద్ధతిలో. తర్వాత, ముందు బడికి వెళ్లి, వెనక్కొచ్చి, టౌను మొదలుపెట్టి.

చుట్టు తగ్గలేదు. పెరిగింది.